పారిస్ పాత భవనాల పై అంతస్తు నివాసాలు

పారిస్ నడిబొడ్డున వరస తీరి నిలిచిన పంతొమ్మిదో శతాబ్దపు రాతి భవనాల్లో చివరి అంతస్తు తీరే వేరు. కింది గదులకు గోడలు నిటారుగా ఉంటాయి, తలపైన చదునైన శ్లాబు వంటి లోకప్పు ఉంటుంది. పైన మాత్రం గోడ నడుమెత్తుకు రాగానే లోపలికి వాలిపోతుంది. గోడ ఎక్కడ ముగిసిందో, కప్పు ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పడం కష్టం. ఒకప్పుడు ఇంటి పనివారు రాత్రి తల దాచుకోవడానికి కట్టిన ఈ అటక గదులు ఇప్పుడు నగరంలో గిరాకీ ఉన్న నివాసాలు. వీటి ఇంటీరియర్ డిజైన్ రంగులతోనో సామానుతోనో మొదలవదు, కప్పుతో మొదలవుతుంది. ఎంత ఎత్తు వదులుకోవాలి, ఎండ వేడిని ఎక్కడ ఆపాలి, వాడిన నీటిని ఏ దారిన కిందికి పంపాలి అనే మూడు ప్రశ్నలు తేలాకే అలంకరణ వంతు వస్తుంది.

కప్పుకు ఆ ఆకారం ఎలా వచ్చింది

ఈ గదుల వాలు వాస్తుశిల్పుల ఊహ కన్నా ప్రభుత్వ నిబంధనలకే ఎక్కువ రుణపడి ఉంది. భవనం ఎత్తును వీధి వెడల్పుతో ముడిపెడుతూ 1783లోనే రాజశాసనం వెలువడింది. మూడో నెపోలియన్ కాలంలో, 1853 నుంచి 1870 మొదటి వరకు సేన్ ప్రాంత ప్రిఫెక్టుగా పనిచేసిన ఓస్మాన్ ఇరుకు సందులను కొట్టించి విశాలమైన బులెవార్డులు వేయించాడు. ఆ దశలో వచ్చిన 1859 నిబంధన ప్రకారం 20 మీటర్లకు తక్కువ కాని వెడల్పు ఉన్న బులెవార్డుల మీద చూరు దాకా 20 మీటర్ల ఎత్తు కట్టుకోవచ్చు. చూరు పైన లేచే కప్పు 45 డిగ్రీల ఊహారేఖను దాటకూడదు. వీధిలోకి వెలుతురు పడాలన్నది ఉద్దేశం.

బిల్డర్లు దీనిలో ఉన్న వెసులుబాటును వెంటనే పసిగట్టారు. ముఖభాగం కొలత చూరు దగ్గరే ఆగిపోతుంది కనుక కప్పు లోపల దూర్చిన అంతస్తు దాదాపు ఉచితంగా దక్కినట్టే. 1884లో 45 డిగ్రీల గీత స్థానంలో వృత్తచాపం వచ్చింది, 1902లో నిబంధనలు ఇంకా వదులయ్యాయి. కప్పు ఉబ్బి, దాని కింది గదులు పెద్దవయ్యాయి. అందువల్ల ఒక భవనం 1865 నాటిదా, 1905 నాటిదా అన్నది పై అంతస్తు డిజైనరుకు చరిత్ర విషయం మాత్రమే కాదు. తల ఎత్తి నిలబడగల నేల ఎంత దొరుకుతుందన్నది దాని మీదే ఆధారపడుతుంది.

రెండు వాలులున్న ఈ కప్పును మాన్సార్డ్ అంటారు. పదిహేడో శతాబ్దపు వాస్తుశిల్పి ఫ్రాన్స్వా మాన్సార్ పేరు దానికి స్థిరపడినా, ఆ పద్ధతి ఆయనకు ముందే ఉంది. ఆయన దాన్ని విరివిగా వాడాడు. కింది వాలు దాదాపు గోడలా నిటారుగా ఉంటుంది, దానిపై తరచు పలకరాయి పరుస్తారు. పై వాలు ఇంచుమించు చదును, దాని మీద జింకు రేకు. పంతొమ్మిదో శతాబ్దంలో జింకును పలచని రేకులుగా సాగదీసే పరిశ్రమ పెరగడంతో పారిస్ కప్పులకు ఆ బూడిదరంగు వచ్చింది. రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. చదరపు మీటరుకు సుమారు 5 కిలోలే బరువు. పలకరాయి అయితే దానికి అయిదారు రెట్లు. బరువు తక్కువ కనుక కింద వాసాలు, దూలాలు సన్నవైనా సరిపోయాయి. వాలు తక్కువైనా నీరు నిలవదు కనుక లోపల చోటు పెరిగింది. జింకు ఉష్ణోగ్రతను బట్టి సాగి ముడుచుకుంటుంది. 100 డిగ్రీల తేడాకు మీటరుకు రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. అందుకే రేకులను అతికించి బిగించకుండా చెక్క పట్టెల మీదుగా మడిచి వదులుగా కూరుస్తారు. ఈ రేకుల పనివారి నైపుణ్యాన్ని యునెస్కో 2024 డిసెంబరులో మానవాళి అవ్యక్త వారసత్వ జాబితాలో చేర్చింది.

మెట్లెక్కేకొద్దీ తగ్గిన హోదా

లిఫ్టులు రాకముందు పారిస్ భవనంలో ఎత్తుకు వెళ్లేకొద్దీ అద్దె తగ్గేది. నేల అంతస్తులో దుకాణాలు, వాటి మీద పొట్టి మధ్య అంతస్తు, రెండో అంతస్తులో బాల్కనీతో సంపన్నుల ఇల్లు. అక్కడి నుంచి లోకప్పు ఎత్తూ, గోడల మీది పూలతీగల నగిషీ పనీ అంతస్తుకింత చొప్పున తగ్గుతూ పోయేవి. బెర్తాల్ అనే చిత్రకారుడు 1845లో ఒక భవనాన్ని నిలువునా కోసి చూపినట్టు గీసిన వ్యంగ్యచిత్రం ఈ వరసకు నేటికీ మంచి సాక్ష్యం. అందులో కింద ధనిక దంపతులు సోఫాలో ఆవులిస్తుంటే కప్పు కింద పేద కుటుంబం చలికి వణుకుతూ కనిపిస్తుంది. 1882లో వచ్చిన ఎమిల్ జోలా నవల 'పో-బుయ్' చాలావరకు ఇలాంటి ఒక్క భవనంలోనే నడుస్తుంది. ముందు మెట్లకు తివాచీ, వెనక మెట్లకు పనివారి తిట్లు.

ఓస్మాన్ కాలపు భవనాల్లో ఆరో అంతస్తును, అంటే నేల అంతస్తును వదిలి లెక్కిస్తే ఆరోదాన్ని, పనివారికే కేటాయించారు. నడుమ ఒక ఇరుకు నడవ, దానికి రెండు వైపులా అంకెలు వేసిన తలుపులు, ఒక్కో తలుపు వెనక ఆరు నుంచి పది చదరపు మీటర్ల గది. నడవ చివర అందరికీ కలిపి ఒక నీటి కుళాయి, ఒక మరుగుదొడ్డి. వెలుతురుకు కప్పులో ఇనుప చట్రంతో చిన్న తెరపు. కింది అయిదు అంతస్తుల పొయ్యిల పొగగొట్టాలన్నీ ఈ గదుల గోడల్లోంచే పైకి పోయేవి, అయినా చాలా గదుల్లో చలిమంటకు పొయ్యి ఉండేది కాదు. ఈ అంతస్తుకు వెనక మెట్ల దారి తప్ప మరో దారి లేదు.

లెయాఁ ఎడూ అనే ఇంజనీరు 1867 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో నీటి ఒత్తిడితో నడిచే లిఫ్టును చూపించాక ఈ వరస తలకిందులవడం మొదలైంది. మెట్ల బాధ పోయిన చోట గాలి, వెలుతురు, దూరపు చూపు ఖరీదైన సరుకులయ్యాయి. అయితే మార్పు ఒక్కసారిగా రాలేదు. చాలా భవనాల్లో లిఫ్టు అయిదో అంతస్తు దగ్గరే ఆగింది, ఇప్పటికీ ఆగుతోంది. ఇళ్లలో ఉండి పనిచేసేవారు తగ్గిపోయాక ఈ గదుల్లోకి విద్యార్థులు, 1960ల ప్రాంతంలో స్పెయిన్, పోర్చుగల్ నుంచి పనికి వచ్చిన స్త్రీలు, చిన్న జీతగాళ్లు చేరారు. ఇరవయ్యో శతాబ్దం చివరికి పక్కపక్క గదులను ఒక్కొక్కటిగా కొని, మధ్య గోడలు తీసి, ఒకే ఇల్లుగా కలపడం మామూలైంది. నేటి పై అంతస్తు నివాసాల్లో ఎక్కువ భాగం ఇలా అతుకులు పడి పుట్టినవే.

కొలతలు, అనుమతులు

ఈ ఇళ్లలో నేల వైశాల్యానికి రెండు లెక్కలుంటాయి. 1996 నాటి కారే చట్టం ప్రకారం ఫ్లాటు అమ్మేటప్పుడు 1.80 మీటర్ల ఎత్తుకు తక్కువగా ఉన్న భాగాన్ని వైశాల్యంలో చూపకూడదు. కాలు పెట్టగలిగే నేల పన్నెండు చదరపు మీటర్లున్న గది కాగితం మీద ఏడుకు పడిపోవచ్చు. అద్దెకు ఇవ్వాలంటే 2002 నాటి ఉత్తర్వు వర్తిస్తుంది: ముఖ్యమైన గది 2.20 మీటర్ల ఎత్తుతో కనీసం 9 చదరపు మీటర్లుండాలి, లేదా 20 ఘనపు మీటర్ల గాలి పట్టాలి. రెండో షరతు అటక గదులను కాపాడుతుంది. మధ్యలో లోకప్పు ఎత్తుగా ఉంటే అంచుల్లో తగ్గినా ఘనపరిమాణం సరిపోతుంది. పాత లోకప్పు తీసేసి కొప్పు దాకా గదిని తెరవడం అందం కోసం చేసే పనిలా కనిపించినా, దాని వెనక చాలాసార్లు ఈ లెక్క ఉంటుంది.

గది సొంతదైనా కప్పు సొంతం కాదు. 1965 నాటి ఉమ్మడి యాజమాన్య చట్టం కింద కప్పు, భారం మోసే గోడలు, నడవ సాధారణంగా భవనంలోని యజమానులందరివీ. కొత్త కిటికీ తెరవాలన్నా, నడవ చివరి ముక్కను ఇంట్లో కలుపుకోవాలన్నా యజమానుల సమావేశంలో ఓటు కావాలి. దానికి తోడు ప్రభుత్వ వారసత్వ శాఖ వాస్తుశిల్పి అభిప్రాయం కావాలి. 1943 చట్టం చారిత్రక కట్టడాల చుట్టూ 500 మీటర్ల పరిధిలో పైకి కనిపించే మార్పులను ఆయన చూపు కిందికి తెచ్చింది. పారిస్ మధ్యభాగంలో అలాంటి కట్టడానికి 500 మీటర్ల దూరంలో లేని భవనాన్ని వెతకడం కష్టమే. 1962 నాటి మాల్రో చట్టం కింద రక్షిత ప్రాంతమైన మారేలో అంతకన్నా పట్టింపు ఎక్కువ. వీధి వైపు వాలును ముట్టుకోనివ్వరు, పెరటి వైపు వాలు మీద కొంత సడలింపు ఇస్తారు. అందుకే ఈ ఇళ్లలో పెద్ద కిటికీలు ఎక్కువగా లోపలి ఆవరణ వైపే కనిపిస్తాయి.

వాలు కింద ఇల్లు సర్దడం

మంచి అమరికకు మూలం ఎత్తుల పటం. అనుభవమున్న డిజైనరు గోడల కన్నా ముందు నేల మీద 1.80 మీటర్ల గీత ఎక్కడ పడుతుందో గుర్తు పెడతాడు. ఆ గీతకు లోపలి భాగం నడకది, నిలబడి చేసే పనిది. వెలుపలి భాగం కూర్చోవడానికి, పడుకోవడానికి, సామాను దాచడానికి. వంటగట్టు, షవరు, లోపలి మెట్లు కొప్పు కిందికే రావాలి. స్నానపు తొట్టి, రాతబల్ల, మంచం వాలు కిందికి జరగవచ్చు. మంచం తల వైపు మీటరు ఎత్తైనా లేకపోతే నిద్ర లేచిన ప్రతిసారీ నుదురు బొప్పి కడుతుంది. చూరు దగ్గర మిగిలిన త్రికోణపు చోటును చాలామంది అడ్డుగోడ కట్టి మూసేస్తారు. ఇది నష్టపు బేరం: గది చిన్నదవుతుంది, ఆ మూల ఎవరికీ అక్కరకు రాదు. అక్కడ చక్రాల సొరుగులు, పొట్టి పుస్తకాల అరలు, కొలతకు చేయించిన వాలు తలుపుల అల్మారాలు పెడితే ఇంట్లో విడిగా బీరువాయే అక్కరలేదు. దుకాణంలో దొరికే సామాను ఇక్కడ పనికిరాదు. వడ్రంగి చేతి పని తప్పదు.

సామాను పరిమాణాన్ని మెట్లు కూడా నిర్ణయిస్తాయి. గుండ్రంగా తిరిగే వెనక మెట్లలో మూడు సీట్ల సోఫా మలుపు తిరగదు. వీధిలో నిలిపిన బండికి బిగించిన పొడవాటి నిచ్చెన లిఫ్టుతో కిటికీలోంచి పైకి ఎక్కించడం పారిస్‌లో రోజూ కనిపించే దృశ్యం. అది కుదరాలన్నా కిటికీ వెడల్పు చాలాలి. అందుచేత విడదీసి మళ్లీ బిగించే సామానుకే ఇక్కడ మొగ్గు.

వెలుతురుకు రెండు దారులున్నాయి. మొదటిది పాత పద్ధతి కిటికీ: కప్పులోంచి పెట్టెలా ముందుకు పొడుచుకు వచ్చి, నిలువు రెక్కలతో, తనదైన చిన్న కప్పుతో ఉంటుంది. అది వీధి దృశ్యాన్ని చూపుతుంది, నిలబడే చోటు కలిపి ఇస్తుంది, కానీ దాని పక్క చెక్కలు వెలుతురును మింగుతాయి. రెండోది వాలులోనే పడుకోబెట్టిన అద్దపు కిటికీ. డెన్మార్కుకు చెందిన విల్లుమ్ కాన్ రాస్ముసెన్ 1940ల తొలినాళ్లలో దీన్ని మెరుగుపరచి వెలక్స్ పేరుతో అమ్మాడు. అదే కొలతకు ఇది ఎంతో ఎక్కువ వెలుతురు తెస్తుంది. దానితోపాటు నడి వేసవి ఎండనూ, వాన చప్పుడునూ తెస్తుంది. వీలైన చోట రెండూ కలపడం మేలు: చూపుకు నిలువు కిటికీ, నడవకూ స్నానాల గదికీ వాలు కిటికీ.

రాత్రి దీపాల సంగతి వేరు. కొప్పు నుంచి వేలాడే షాండిలియర్ ఈ గదులకు నప్పదు. కింది అంతస్తుల గొప్పను అనుకరించబోయి నడిచేవారి తలకు తగులుతుంది. గోడకు బిగించి, వెలుతురును పైకి, వాలు మీదికి విసిరే దీపాలు గదిని ఎత్తుగా చూపిస్తాయి. రంగు విషయంలో గోడకూ వాలుకూ ఒకే రంగు వేస్తే మడత కనిపించక గది విశాలంగా తోస్తుంది. వాలును తెల్లగా వదిలి గోడకు ముదురు రంగు వేస్తే కప్పు నెత్తిన కూర్చున్నట్టుంటుంది. మెరుపు రంగు పాత పూతలోని ప్రతి ఎగుడుదిగుడునూ బయటపెడుతుంది కనుక మెరుపు లేనిదే వాడతారు.

నేల, గోడ, దూలం

కింది అంతస్తుల్లో ఓక్ చెక్కను చేపముల్లు వరసలో పరిచిన నేల పారిస్ ఇళ్లకు గుర్తు. పనివారి అంతస్తుకు ఆ భాగ్యం లేదు. అక్కడ మామూలు చెక్క పలకలో, ఆరు భుజాల కాల్చిన మట్టి బిళ్లలో వేసేవారు. తోమెత్ అనే ఆ ఎర్ర బిళ్లలను ఇరవయ్యో శతాబ్దంలో లినోలియం కింద కప్పేశారు. ఇప్పుడు ఆ పొర ఊడదీసి, బిళ్లలు కడిగి, నూనె పట్టించి గర్వంగా చూపుకుంటున్నారు. కింది అంతస్తుల చేపముల్లు చెక్కను తెచ్చి ఇక్కడ పరచడం కన్నా ఇదే సబబు. భవనం చరిత్రలో ఆ అంతస్తుది ఆ చోటే.

నేల బరువు ముఖ్యమైన విషయం. ఈ అంతస్తు కర్ర దూలాలను ఒక మంచం, ఒక పెట్టె, ఒక మనిషి బరువును ఊహించి వేశారు. అయిదు సెంటీమీటర్ల సిమెంటు పూత ఒక్కటే చదరపు మీటరుకు దాదాపు 100 కిలోలు తూగుతుంది. నీటితో నిండిన స్నానపు తొట్టి, పాలరాతి వంటగట్టు, గోడ నిండా పుస్తకాలు కలిస్తే దూలాలు కుంగి కింది ఇంటి లోకప్పు పగుళ్లు తీస్తుంది. కనుక నేలను సమం చేయడానికి తడి సిమెంటు బదులు పొడి పలకలు పరుస్తారు, బరువైన వాటిని భారం మోసే గోడలకు ఆనించి పెడతారు.

గోడల పూత జిప్సంతో చేసినది. మోంమార్త్ర్ కొండ గనుల నుంచి శతాబ్దాల పాటు వచ్చిన ఈ జిప్సమే నగరం పేరును ప్రపంచమంతా మోసుకుపోయింది. తెలుగునాట పండుగ విగ్రహాల తయారీ వల్ల దాని పేరు వినని ఊరు లేదు. జిప్సం గాలిలో తేమను పీల్చి వదులుతుంది, నిప్పును కొంతసేపు ఆపుతుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే తేమ దొరికిన చోట రెండూ రసాయనికంగా కలహించి పొరలుగా ఊడతాయి. పాత గోడను బాగుచేయడానికి జిప్సం లేదా సున్నమే తగినవి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక 1949కి ముందు కట్టిన ఇల్లు అమ్మేటప్పుడు సీసపు పరీక్ష తప్పనిసరి. గోకి ధూళి లేపడానికి ముందే ఆ నివేదిక చూడాలి.

దూలాలను బయటపెట్టడం గత అరవై ఏళ్లుగా పెద్ద మోజు. మారే ప్రాంతపు పదిహేడో శతాబ్దపు భవనాల్లో చెక్కి, రంగులద్దిన దూలాలున్న మాట నిజమే, అవి దొరల అంతస్తులవి. పంతొమ్మిదో శతాబ్దపు అటకలో కర్ర చాలావరకు కంటికి కనిపించడానికి చేసినది కాదు. దానిమీది జిప్సం పూత నిప్పు అంటకుండా వేసినది. దాన్ని గొడ్డలితో ఊడగొట్టి, కర్రను ఇసుకతో రుద్ది, తేనెరంగు పూసిన ఇంట్లో పాతదనం కంటే పాతదనపు నటనే ఎక్కువ. నాణ్యమైన ఒకటి రెండు దూలాలను చూపి మిగతావి కప్పి ఉంచిన ఇళ్లు కాలపరీక్షకు ఎక్కువగా నిలిచాయి. పొగగొట్టాలు దూరిన మందపాటి పక్కగోడల్లో తలుపు తెరవడం ఇంచుమించు అసాధ్యం కనుక వాటిని ఉన్నవున్నట్టు స్వీకరించి, మంచం తలకో పుస్తకాలకో ఆసరా చేసుకుంటారు.

వేడి

ఈ నివాసాలకు అసలు పరీక్ష వేసవి. రోహిణి కార్తెలో రేకుల ఇంట్లో మధ్యాహ్నం గడిపినవారికి జింకు కప్పు సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఎండలో రేకు ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది. దాని కింద పలచని పలక, వాసాల మధ్య ఖాళీ, జిప్సం పూత తప్ప అడ్డేమీ లేదు. ఇవేవీ వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచలేవు. 2003 ఆగస్టు వడగాడ్పుల్లో ఫ్రాన్స్‌లో సుమారు 15,000 మంది అదనంగా మరణించారు. తరువాత జరిగిన అధ్యయనాలు కప్పు కిందనే ఉన్న పడకగదిని ప్రాణాపాయం పెంచిన కారణాల్లో ఒకటిగా గుర్తించాయి. 2019 జులై 25న పారిస్‌లో 42.6 డిగ్రీలు నమోదైంది. ఇంత ఎండ వస్తుందని ఊహించి ఆ కప్పులు వేయలేదు.

వేడిని ఆపే పొరను రెండు చోట్ల వేయవచ్చు. వాసాల మధ్య, లోపలి వైపు వేస్తే అనుమతుల బాధ తక్కువ, కానీ ఇరవై సెంటీమీటర్ల పొర గది ఎత్తును తినేస్తుంది. 1.80 మీటర్ల గీత లోపలికి జరిగి, అమ్మకపు కాగితం మీద చదరపు మీటర్లు మాయమవుతాయి. వాసాల పైన, రేకు కింద వేస్తే గది చెక్కుచెదరదు, దూలాలు కనిపిస్తూనే ఉంటాయి. అయితే కప్పు మట్టం పెరిగి పక్కింటి కప్పుతో వరస తప్పుతుంది, చూరు గొట్టాలు, కిటికీల చట్రాలు మార్చాలి, ఖర్చును అందరు యజమానులూ ఒప్పుకోవాలి. కప్పు ఎలాగూ విప్పాల్సిన ఏడాది దాకా ఆగి, అప్పుడు పైనుంచి వేయించడమే తెలివైన పని. పదార్థాల్లో దట్టమైన కర్రనార పలకలకు పేరొచ్చింది. చలికాలంలో అవి గాజు ఉన్నికి సాటి మాత్రమే. వేసవిలో మాత్రం మధ్యాహ్నపు వేడి గదిలోకి చేరడాన్ని చాలా గంటలు ఆలస్యం చేస్తాయి, ఈలోగా కిటికీలు తెరవగల చల్లని రాత్రి వస్తుంది.

ఇక్కడొక చిక్కుంది. జింకు రేకు అడుగున తేమ చేరి ఆరకపోతే రేకు లోపలి వైపు నుంచి తెల్లగా తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. కనుక ఇన్సులేషన్‌కూ రేకు కింది పలకకూ మధ్య గాలి ఆడే సందు వదలాలి. గదిలోని ఆవిరి పైకి పోకుండా లోపలి వైపు అతుకుల్లేని పొర వేయాలి. లోకప్పులో గుండ్రని రంధ్రాలు తొలిచి బల్బులు దిగేసే నేటి అలవాటు సరిగ్గా ఆ పొరకే తూట్లు పొడుస్తుంది. పై అంతస్తులో గోడదీపాలే మేలని చెప్పడానికి ఇది మరో కారణం, అందం కన్నా గట్టి కారణం.

కిటికీకి బయట తెర ఉంటే ఎండ అద్దాన్ని తాకకముందే ఆగుతుంది. లోపల కట్టిన తెర అప్పటికే లోపలికొచ్చిన వేడిని కప్పిపెడుతుందంతే. వారసత్వ నిబంధనలు మాత్రం కప్పు మీద తెరలను సులువుగా ఒప్పుకోవు, ఎయిర్ కండిషనర్ బయటి పెట్టెలను అసలే ఒప్పుకోవు. మిగిలింది అడ్డగాలి. నడవకు ఇరువైపులా ఉన్న గదులను కలిపిన ఇంటికి వీధి వైపు ఒక కిటికీ, ఆవరణ వైపు ఒకటి దక్కుతాయి. రాత్రి రెండూ తెరిస్తే వేడి బయటికి పోతుంది. ఒకే వైపు కిటికీ ఉన్న ఒంటి గదికి ఆ అవకాశం లేదు, అలాంటి గదుల్లో ఉండేదేమో పేదలే.

నీళ్లు

మురుగు గొట్టం సాధారణంగా వెనక మెట్ల పక్కన నిలువుగా దిగుతుంది. దానికి దూరంగా మరుగుదొడ్డి పెట్టాలంటే నేలలో వాలుగా లావు గొట్టం వేయాలి, దూలాల మధ్య అంత లోతు ఉండదు. మలాన్ని నలిపి సన్నని గొట్టంలో నెట్టే చిన్న పంపులు ఫ్రాన్స్‌లో 1950ల చివర వచ్చాయి. అటక గదులు సొంత స్నానాల గదులున్న ఇళ్లుగా మారడంలో వాటి పాత్ర పెద్దదే. చప్పుడు ఎక్కువ, కరెంటు పోతే పనిచేయవు. వంటగది, స్నానాల గది రెండూ నిలువు గొట్టాన్ని అంటిపెట్టుకుని ఉండేలా ఇంటిని సర్దడమే మంచి పరిష్కారం. ఆ ఒక్క నిర్ణయం మిగతా గదుల చోటునూ ఖాయం చేస్తుంది.

పేరుపడ్డ ఉదాహరణలు

భారతీయులకు చండీగఢ్ రూపశిల్పిగా తెలిసిన లె కార్బూజియే పారిస్ పై అంతస్తుల మీద రెండు భిన్నమైన ప్రయోగాలు చేశాడు. షార్ల్ ద బెస్తెగి అనే సంపన్నుడి కోసం షాంజెలిజే వీధిలోని పాత భవనం నెత్తిన 1929 తరువాత కట్టిన నివాసం మొదటిది. విద్యుత్తుతో కదిలే గోడలు, మీట నొక్కితే పక్కకు జరిగి నగరాన్ని చూపే పొదల కంచెలు, పైన పెరిస్కోపు ఉన్నా, గదుల్లో వెలుతురుకు కొవ్వొత్తులే వాడారు. చివరి మేడ మీద నాలుగు వైపులా ఎత్తుగోడలు కట్టి, నేల మీద పచ్చిక పెంచి, ఆకాశమే కప్పుగా గల గదిలో చలిమంట గూడు నిలిపారు. గోడ అంచు మీదుగా విజయతోరణం తల మాత్రం కనిపించేది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, ఫొటోలున్నాయి. అది విలాసమే కావచ్చు. దూరపు చూపును మొత్తం పరచకుండా కొంచెం కొంచెంగా చూపాలన్న పాఠాన్ని పై అంతస్తు డిజైనర్లు అక్కడి నుంచి నేర్చుకోవచ్చు.

రెండోది ఆయన సొంత ఇల్లు. నగరం పడమటి అంచున మోలిటర్ భవనంలో ఏడు, ఎనిమిది అంతస్తుల్లో సుమారు 240 చదరపు మీటర్ల ఇల్లు. 1934 నుంచి 1965లో చనిపోయే వరకు అక్కడే ఉన్నాడు. అప్పటికి అది కొత్త భవనమే, ఇప్పుడు రక్షిత చారిత్రక కట్టడం. 2016లో చండీగఢ్ కాపిటల్ కాంప్లెక్సుతో పాటు ఒకే జాబితాలో ప్రపంచ వారసత్వ హోదా పొందింది. బొమ్మలు వేసుకునే గదిలో పక్కింటితో కలిసిన రాతిగోడను పూత లేకుండా వదిలేశాడు, తెల్లటి కమాను కప్పు కింద అది నిండుగా కనిపిస్తుంది. ఇరుసు మీద తిరిగే పెద్ద తలుపులు ఇంటినీ పనిగదినీ కలుపుతాయి, విడదీస్తాయి. పిట్టగోడ మీదుగా బయటికి కనిపించాలని మంచానికి పొడవాటి కాళ్లు పెట్టించాడు.

సంరక్షణకూ నివాసానికీ పొత్తు కుదరని చోటికి బార్సిలోనాలోని కాసా మిలా మంచి ఉదాహరణ. వాస్తుశిల్పి గౌడి 1906లో మొదలుపెట్టిన ఆ భవనపు అటకను 270 పలచని ఇటుక కమానులు మోస్తాయి; బట్టలు ఉతికి ఆరేయడానికీ, ఎండను కింది ఇళ్లకు చేరనివ్వకపోవడానికీ ఆ చోటు ఉద్దేశించినది. 1953 తరువాత బార్బా కోర్సీని అనే వాస్తుశిల్పి అక్కడ 13 చిన్న నివాసాలు ఏర్పరిచాడు. కమానుల వంపులకు తగ్గట్టు రెండు మట్టాలుగా ఇళ్లు అమర్చి, వాటికోసం కుర్చీలు, బల్లలు, దీపాలు స్వయంగా రూపొందించాడు. యుద్ధానంతర స్పెయిన్‌లో వాటికి మంచి పేరొచ్చింది. 1984లో భవనం ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాక జరిగిన మరమ్మతుల్లో ఆ ఇళ్లన్నిటినీ తొలగించి గౌడి కమానులను మళ్లీ బయటపెట్టారు, 1996 నుంచి అది ప్రదర్శనశాల. గౌడి పట్ల అది న్యాయమే. మంచి డిజైను చెరిగిపోయిందన్నదీ అంతే నిజం. ఆ దీపాలు, బల్లల నమూనాలు మాత్రం పెడ్రేరా పేరుతో నేటికీ తయారవుతున్నాయి.

ఇటీవలి మార్పులు

ఫ్రాన్స్‌లో 2025 జనవరి నుంచి ఇంధన వినియోగంలో అట్టడుగున జి శ్రేణిలో ఉన్న ఇళ్లను కొత్తగా అద్దెకు ఇవ్వకూడదు. ఇన్సులేషన్ లేని కప్పు కింది చిన్న గదులు ఆ శ్రేణిలోకి సులువుగా జారతాయి. మరీ చిన్న ఇళ్లకు లెక్క కట్టే తీరు అన్యాయంగా ఉందన్న విమర్శల తరువాత 2024లో 40 చదరపు మీటర్ల లోపు ఇళ్లకు హద్దులు సవరించారు. అయినా కప్పు మరమ్మతుల అవసరం తగ్గలేదు. కర్ర చట్రాలతో తేలికైన కొత్త అంతస్తును పాత భవనం మీద నిలపడం మరో ధోరణి. అలా వచ్చే డబ్బుతో కప్పు ఇన్సులేషన్, లిఫ్టు పొడిగింపు ఖర్చులు భరించవచ్చన్నది యజమానుల లెక్క. 1965 చట్టం ఈ సందర్భంలో పై అంతస్తు యజమానులకు ప్రాధాన్య హక్కు ఇచ్చింది, ఎందుకంటే కొత్త అంతస్తు లేచిన రోజున వారి ఇల్లు పై అంతస్తు ఇల్లు కాకుండా పోతుంది.